అకీల్ వేసిన బూడిదరంగు సముద్రం

ఫిర్మిన్ డ్రాయింగ్ మాస్టారు. బెల్జియం రేవు పట్టణం ఓస్టెండ్‌లోని ఒక బడిలో పిల్లలకు బొమ్మలు నేర్పుతూనే జుట్టు నెరిసింది. ఆయన వేసిన పడవ నీళ్ల మీద తేలుతున్నట్టే ఉంటుంది. తాడుకు వేసిన ముడి కూడా తప్పు పోదు. రేవు దగ్గరి ఇళ్లలో ఆయన బొమ్మ లేని గోడ తక్కువ. అయినా ఆ మనిషికి కడుపులో ఎప్పుడూ ఒక మంట. ఆ మంటకు కారణం అకీల్.

గెంట్ చిత్రకళాశాలలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని చదువుకున్నారు. వీధిని గీయమంటే అకీల్ గీసిన ఇళ్లన్నీ తాగినవాళ్లలా ఒకదాని మీద ఒకటి వాలిపోయేవి. పరీక్ష ముందు వాటిని నిలబెట్టి ఇచ్చింది ఫిర్మినే. ఆ అకీల్ పారిస్ చేరాడు, గుర్తింపు తెచ్చుకున్నాడు. ఇప్పుడు అతని పెద్ద పెద్ద బూడిదరంగు బొమ్మల గురించి పత్రికలు పేజీలకు పేజీలు రాస్తున్నాయి.

శనివారం మధ్యాహ్నాలు జుల్మా బీరు కొట్లో చిత్రకారుల మీద వాదన నడిచేది. చేపల పడవ సరంగు గాస్టన్‌కు పికాసో అంటే పడదు.

"ముక్కెక్కడో చెవెక్కడో తెలీకపోతే అదేం బొమ్మ మాస్టారూ? మా ఆవిణ్ణి అలా గీస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు."

"నోర్ముయ్ గాస్టన్," అనేది జుల్మా, గ్లాసులు తుడుస్తూ. "మన ఊరి చిత్రకారుడు ఎన్సోర్ బొమ్మలు చూసి మా నాన్న ఇలాగే నవ్వేవాడు. ఇప్పుడు ఆ ఎన్సోర్ ఇల్లు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు."

ఇలాంటి వాదనలో ఫిర్మిన్ పెద్దమనిషి. పికాసో గీతకు తిరుగులేదని ఒప్పుకునేవాడు, మాటిస్ రంగుల గురించి కళ్లు మూసుకుని మాట్లాడేవాడు. దూరంగా ఉన్నవాళ్లను మెచ్చుకోవడానికి ఆయనకు ఏ బాధా లేదు. అకీల్ పేరు వస్తే మాత్రం గొంతు మారిపోయేది.

"అతనికి ఇల్లు గీయడం రాదు. అందుకే ఇల్లు లేని బొమ్మలు వేస్తున్నాడు," అనేవాడు. అందరూ నవ్వేవారు. ఆ నవ్వుతో వారమంతా గడిచిపోయేది.

ఒక వసంతకాలంలో అకీల్ బొమ్మల ప్రదర్శన ఆ ఊరి మ్యూజియానికే వచ్చింది. తప్పులు పట్టాలన్న ఉత్సాహంతో ఫిర్మిన్ భార్య అలీదాను వెంటబెట్టుకుని వెళ్లాడు. మొదటి గదిలో ఆమె చెవిలో గుసగుసగా వెక్కిరింపులు మొదలుపెట్టాడు. రెండో గదిలో వెనక్కి తిరిగి చూస్తే ఆమె లేదు.

వెతుక్కుంటూ వచ్చేసరికి ఒక బొమ్మ ముందు నిలబడి ఉంది. పైన కొంచెం వెలుతురు, కింద బూడిదరంగు. అంతే. హ్యాండ్‌బ్యాగును రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని ఆమె కదలకుండా చూస్తోంది.

"పద, ఇంకా రెండు గదులున్నాయి."

"కాసేపు మాట్లాడకు," అంది అలీదా.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఆయన వేసిన ఏ బొమ్మ ముందూ అలా నిలబడలేదు. కొత్త బొమ్మ చూపిస్తే "బాగుంది" అని చెప్పి పొయ్యి మీది సూపు చూసుకోవడానికి వెళ్లేది. ఫిర్మిన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. భార్య పరాయివాడితో నాట్యం చేస్తుంటే చూస్తున్నట్టు ఆయనకు ఒళ్లు మండిపోయింది.

ఇంటికొచ్చాక బంగాళాదుంపలు వలుస్తున్న ఆమెను వదల్లేదు.

"ఏం కనబడింది నీకు అందులో?"

"ఏమీ లేదు. నీళ్లు."

"నీళ్లే అయితే అంతసేపెందుకు?"

అలీదా కత్తి పక్కన పెట్టింది. "నాన్న పడవ తిరిగి రాని రోజు పొద్దున అమ్మతో రేవు గోడ మీద నిలబడ్డాను. నీళ్లు అలాగే ఉన్నాయి. అదే రంగు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేకపోయాను, ఎలా చెప్పాలో తెలీక."

"మీ నాన్న పడవ నేనెన్నిసార్లు వేశాను అలీదా?"

"వేశావు. చాలా బాగా వేశావు. తాళ్లు కూడా అన్నీ ఉన్నాయి," అంది ఆమె. ఓదార్చడానికే అంది. ఆయన ఆ పూట భోజనం ముందు నుంచి లేచిపోయాడు.

తర్వాతి సెలవు రోజున ఫిర్మిన్ ఒక్కడే మ్యూజియానికి వెళ్లాడు. ఆ బొమ్మలో ఏదో కిటుకు ఉంటుంది, పట్టుకోవాలి. ముక్కు తగిలేంత దగ్గరగా వెళ్తే కాపలా మనిషి దగ్గాడు. పల్చటి రంగు, దాని మీద మళ్లీ పల్చటి రంగు, మధ్యలో గుడ్డతో తుడిచిన జాడలు. అందులో చెయ్యడానికి ఆయనకు రానిదంటూ ఏదీ లేదు. వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. అప్పుడు నీళ్లు కదిలాయి. చలేసి కోటు బొత్తాం పెట్టుకున్నాడు. బొమ్మ గొప్పది. ఆ సంగతి తెలియడం, అకీల్‌కు ఏమీ రాదని అబద్ధాలాడిన ఏళ్లన్నింటికంటే కష్టంగా ఉంది.

ఆ శనివారం గాస్టన్ మామూలుగానే అందుకున్నాడు. "బకెట్‌తో బూడిదరంగు ఇస్తే మా మనవడు కూడా అకీలే అవుతాడు, ఏమంటారు మాస్టారూ?"

"నీ మనవడికి వంద బకెట్లివ్వు, రాదు," అన్నాడు ఫిర్మిన్. "నీకు తెలియని దాని గురించి మాట్లాడకు."

"ఇన్నాళ్లూ అన్నది మీరే కదా," అన్నాడు గాస్టన్, నొచ్చుకుని.

"నేను అంటాను. నాకు హక్కుంది. నీకు లేదు."

జుల్మా తల తిప్పుకుని నవ్వు దాచుకుంది.

ప్రదర్శన ఆఖరి రోజుకు అకీల్ వచ్చాడు. జనం మధ్యలో భార్యతో నిలబడ్డ ఫిర్మిన్‌ను గుర్తుపట్టి కౌగిలించుకున్నాడు. "మా అందరిలోకీ చెయ్యంటే వీడిదే," అని చుట్టూ ఉన్నవాళ్లకు చెప్పాడు. "ఏం వేస్తున్నావురా ఇప్పుడు? మీ ఇంటికొస్తాను, చూపించు."

"ఇల్లంతా సున్నాలు వేయిస్తున్నాం," అని ఫిర్మిన్ అబద్ధమాడాడు. అలీదా ఆయన చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది.

ఆ తర్వాత ఆయన బొమ్మలు మానలేదు. పడవలే వేశాడు, తాళ్లతో సహా. అసూయ కూడా పోలేదు. అకీల్ ఫోటో ఉన్న పత్రిక ఇంట్లో ఉంటే బోర్లా తిప్పిపెట్టేవాడు. బూడిదరంగు బొమ్మను మ్యూజియం వాళ్లే ఉంచుకున్నారు. తండ్రి పోయిన రోజున ఏటా అలీదా దాన్ని చూడ్డానికి వెళ్లేది. ఫిర్మిన్ తోడు వెళ్లేవాడు గానీ లోపలికి వెళ్లేవాడు కాదు. బయట, మ్యూజియం ఎదురుగా ఉన్న బెంచీ మీద కాలర్ పైకెత్తుకుని, సముద్రపు గాలిలో కూర్చునేవాడు. ఆమె ఆలస్యం చేస్తే కోపం వచ్చేది. బయటికొచ్చాక మాత్రం ఏమీ అడగకుండా చెయ్యి అందించేవాడు. ఇద్దరూ ట్రామెక్కి ఇంటికి వెళ్లేవారు.