లాయరుగారి కొండ వాయిదా

చిత్తూరు కోర్టు వరండాలో విలేకరిగా కూర్చున్న ఏళ్లలో, వాయిదాను తిట్టని మనిషిని నేను చూడలేదు. అందరికంటే బాగా తిట్టేది బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ. లారీ క్లీనరైన ఆమె మొగుడు ముప్పావు కిలో గంజాయి పొట్లంతో పట్టుబడి, ఏడాదికి పైగా జైల్లో ఉన్నాడు. నేరం రుజువైతే ఐదేళ్ల దాకా పడొచ్చు. వాయిదా రోజు ఆమె పని మానుకుని వస్తుంది. వస్తే లాయరుగారు ఉండరు. ఒకసారి పంటినొప్పి, ఇంకోసారి మేనకోడలికి చెవులు కుట్టడం.

2001 సెప్టెంబరులో, చివరి వాదనలు వినాల్సిన రోజున ఆయన ఏకంగా తిరుమల వెళ్లారు. జడ్జిగారు విసుక్కుని కేసును మరుసటి నెలకు వేశారు. రెండు రోజుల తర్వాత లాయరుగారు గుండుకు గంధం పూసుకుని, లడ్డూ పొట్లంతో వరండాలోకి వచ్చారు. ఆమె అక్కడే కాచుకుని ఉంది.

"ఏం సారూ, నా మొగుడు బయటికి రావాలని మొక్కుకున్న్యావా, రాకూడదనా?"

"దేవుడి పనమ్మా, తప్పుతాదా? లడ్డూ తీసుకో."

"ఆ పొద్దు నువ్వు వచ్చింటే ఈ పాటికి తీర్పయిపోయుండు. లడ్డూ అంట, లడ్డూ!"

లడ్డూ మాత్రం తీసుకుంది. అందులో సగం నాకిచ్చింది.

అక్టోబరులో మత్తుమందుల చట్టానికి సవరణ అమల్లోకి వచ్చింది. కిలో లోపు గంజాయికి శిక్ష ఆరు నెలలు మించదు. విచారణలో ఉన్న పాత కేసులకూ అది వర్తిస్తుంది. తీర్పయిపోయి అప్పీలులో ఉన్నవాటికి వర్తించదు. నేను అన్నీ రాశాను. చోటు చాలక డెస్కువాళ్లు అప్పీళ్ల గురించిన చివరి వాక్యం కోసేశారు.

మర్నాడు వరండా నిండా పేపరు పట్టుకున్నవాళ్లే. ఆ కోసేసిన వాక్యాన్ని, శిక్ష పడ్డవాళ్ల మనుషులకు నా నోటితో చెప్పాల్సి వచ్చింది. అది విని ఆమె మొహం పాలిపోయింది.

"పేపరు సారూ, అయితే మా ఆయనకీ లేదా?"

"మీ కేసులో తీర్పు చెప్పలేదు గదమ్మా?"

"యాడ చెప్పినారు! ఈ సారు కొండకి పోయె గదా."

"అందుకే మీకు వర్తిస్తాది."

ఆమె తల తిప్పి, దూరంగా బెంచీ మీద కునుకు తీస్తున్న ఆ గుండును చూసింది. అంత ప్రేమగా ఆ లాయరును చూడడం అదే మొదటిసారి.

నేరం ఒప్పుకుంటున్నాడని, కొత్త చట్టం ప్రకారం శిక్ష తగ్గించాలని లాయరుగారు అర్జీ పెట్టారు. జడ్జిగారు ఆరు నెలలు వేశారు. అంతకు రెట్టింపు ఇప్పటికే గడిపాడు కాబట్టి వదిలేయమన్నారు.

"ఊరికే లాగినానా కేసుని?" అన్నారు లాయరుగారు, గుండు నిమురుకుంటూ. "చట్టం మారతాదని తెలిసే లాగినాను."

"ఊరుకో సారూ! పంటినొప్పి గూడా చట్టం కోసమేనా?"

జైలు గేటు దగ్గర మొగుడు బయటికి రాగానే, ఆమె వాడి జుట్టు పట్టి చూసింది.

"పద, కొండకి పోదాం. గుండు గీయిస్తా."

"నేను మొక్కుకోలేదే!"

"సారు గుండు గీయించుకోకుంటే ఈ పొద్దు నువ్వు యాడ ఉందువు? నోరు మూసుకుని బస్సెక్కు."

మరుసటి వారం ఇద్దరూ లాయరుగారికి కృతజ్ఞతలు చెప్పడానికి వచ్చారు. ఆయన మరో కేసులో వాయిదా అడుగుతూ లోపల ఉన్నారు. ఆమె తిట్టకుండా బెంచీ మీద కూర్చుంది. ఈసారి నాకు లడ్డూ మొత్తం దక్కింది.