రెండు గ్యాసుల లెక్క

నా చిన్నప్పుడు ఫలక్‌నుమాలో మా బాపుకు చిన్న వెల్డింగ్ దుకాణం ఉండేది. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో మేం ముగ్గురం. మూతపడిన ఏదో కార్ఖానా నుంచి బాపు ఒక పాత మిగ్ వెల్డింగ్ మిషన్ కొనుక్కొచ్చాడు. దాని గన్ నొక్కితే తీగ దానంతటదే బయటికి వస్తుంది, తీగ చుట్టూ గ్యాసు వస్తుంది. కరిగిన ఇనుముకు గాలి తగలకుండా ఆ గ్యాసే కాపలా. అది చెదిరిందంటే అతుకు లోపల బుడగలు పడి గుల్లయిపోతుంది. అందుకని నడి ఎండాకాలంలో కూడా బాపు ఫ్యాను వేయనిచ్చేవాడు కాదు. ఇంట్లో అందరికంటే ఆ గ్యాసుకే మర్యాద ఎక్కువని నేను సణుక్కునేదాన్ని.

ఆ గ్యాసులో రెండు రకాలు. ఒకటి ఉత్త కార్బన్ డయాక్సైడ్, చవక. రెండోది ఆర్గాన్ కలిపింది, ధర రెట్టింపు పైనే. అప్పుడు నేను ఆరో తరగతి. లెక్కల్లో క్లాసుకు ఫస్టు, దానికి తగ్గ పొగరు కూడా ఉండేది. బడి బెంచీలు చేసే పని వచ్చినప్పుడు ఏ గ్యాసు వాడితే మిగులుతుందో చూడమని బాపు నాకు అప్పజెప్పాడు. సిలిండర్‌కు ఎన్ని బెంచీలు వస్తాయి, ఒక్కో బెంచీకి ఎంత పడుతుంది, అన్నీ గీతలు గీసి రాశాను. చవక గ్యాసే గెలిచింది. బాపు సంబరపడి ఆ కాగితాన్ని గోడకు అతికించాడు. మా అమ్మకు చదువు రాదు. అయినా ఇంటికి ఎవరొచ్చినా చేతులు తుడుచుకుని వచ్చి, మా పిల్ల చేసిన లెక్క అని ఆ కాగితం చూపించేది. పక్కింటి అక్క అయితే మూడుసార్లు చూసింది పాపం.

చవక గ్యాసుతో ఒక చిక్కు ఉంది. అతుకు వేసేటప్పుడు కరిగిన ఇనుము చిమ్మి, పైపుల మీద ఆవగింజల్లా అతుక్కుపోతుంది. ఆ గింజలు తీయకపోతే రంగు నిలవదు, కూర్చున్న పిల్లల బట్టలు చిరుగుతాయి. ఆ పని అమ్మ చేసేది. వంట అయ్యాక గడప పక్కన కూర్చుని, ఉలి, సుత్తి పట్టుకుని పొద్దు వాలేదాకా కొట్టేది. కళ్లద్దాలు ఒక జత ఉండేవి గానీ గీతలు పడి మసకబారాయని పక్కన పెట్టేసింది. నేను బడి నుంచి వచ్చి ఆ చప్పుడు వింటూ హోంవర్కు చేసుకునేదాన్ని.

ఒకరోజు అమ్మ కొంగు చివర ఉండలా చుట్టి, నోటితో వేడిగా ఊది కుడి కంటికి ఒత్తుకుంటూ కనిపించింది. ఏమైందని అడిగితే దుమ్ము పడిందంది. మర్నాడూ అదే, ఆ తర్వాతి వారమూ అదే. నేను మళ్లీ అడగలేదు. అడగాలని తోచలేదు, నిజం చెప్పాలంటే.

మా దుకాణంలో అతుకులు వేసేది బార్కస్ నుంచి వచ్చే ఒక ముసలాయన. ఆయన్ని అందరం చాచా అనేవాళ్లం, బాపుతో సహా. ఒక సాయంత్రం అమ్మ చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టబోతే గ్లాసు బల్ల అంచుకు ఇవతలే కింద పడింది. రెండో గ్లాసు కూడా పడింది. బాపు విసుక్కున్నాడు. చాచా మాత్రం అమ్మ ముఖం వైపు చాలాసేపు చూశాడు.

మర్నాడు ఆదివారం. అమ్మను ఈరోజు పని ముట్టుకోవద్దన్నాడు చాచా. తెలిసినవాళ్ల దుకాణం నుంచి ఆర్గాన్ కలిపిన సిలిండర్ అడిగి తెచ్చాడు. ఒక బెంచీ దానితో, ఒక బెంచీ మా గ్యాసుతో అతికించాడు. నా కాగితం గోడ మీద నుంచి తీసి నా ఒళ్లో పెట్టి, చేతికి ఉలి, సుత్తి ఇచ్చాడు. ఆయన తెచ్చిన గ్యాసు బెంచీకి కొట్టాల్సిన గింజలు ఏ నాలుగైదో ఉన్నాయి. మా బెంచీ మీద కొడుతూనే ఉన్నాను. వేళ్లు బొబ్బలెక్కాయి, మెడ పట్టేసింది. ఒక గింజ ఎగిరి నా చెంపకు తగిలితే ఏడుపొచ్చింది. ఇంకా సగం కూడా కాలేదు. అప్పుడు చాచా నా పక్కన కూర్చుని, ఒళ్లోని లెక్క మీద వేలు పెట్టాడు.

"నీ హిసాబ్ గలత్ కాదు బేటీ. గీ పని రాయలే, అంతే."

"దీనికి పైసలు ఇయ్యం కద చాచా. అమ్మనే చేస్తది."

"అందుకే నీ గ్యాసు సస్తా అయింది."

ఆయన గొంతులో కోపం లేదు. లోపలికి వెళ్లి బాపును పిలిచి, అమ్మ కన్ను డాక్టరుకు చూపించమన్నాడు. అప్పటిదాకా మేమిద్దరం ఆ కన్నును సరిగా చూడనేలేదు.

ఆ మర్నాడే ముగ్గురం కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఇనుప ముక్క లోపల దిగి, అక్కడే తుప్పు పట్టిందన్నారు. వెంటనే వస్తే బాగుండేదన్నారు. ముక్క తీశారు గానీ చూపు రాలేదు. వెలుతురు ఉందా లేదా అన్నంత వరకే మిగిలింది. ఎన్ని రోజులైందని అడిగితే అమ్మ నెల దాటిందని చెప్పింది. మాకెందుకు చెప్పలేదని బాపు ఆ వరండాలోనే ఏడ్చాడు. అమ్మ నా వైపు చూడకుండా ఆయనకే జవాబిచ్చింది.

"పిల్ల లెక్క చేసింది. నువ్వు గోడకు పెట్టినవ్. నేను చెప్తే దాని లెక్క తప్పయితది కద."

ఆ తర్వాత బాపు చవక గ్యాసు తేలేదు. మిగిలిన బెంచీల్లో మాకు దాదాపు ఏమీ మిగల్లేదు. నన్ను ఒక్క మాట అనలేదు, ఇద్దరిలో ఎవరూ. అన్నా బాగుండేదేమో.

పెద్దయ్యాక నేను ఒక సర్కారు కంపెనీలో కొనుగోళ్ల సెక్షన్‌లో చేరాను. ముప్పై ఏళ్లు నా బల్ల మీదికి వచ్చింది ధరల పోలికలే. తక్కువ ధర చూపించిన ప్రతివాళ్లనూ, దీని వెనక మిగిలే పని ఎవరు చేస్తారని అడిగేదాన్ని. ఈమెతో పెద్ద లొల్లి అని వెనక నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ. ఇంట్లో పనికి వచ్చే అమ్మాయి ఏం లేదమ్మా అని చెయ్యి దాచుకున్నా నేను ఊరుకోను, పట్టుకుని చూడందే వదలను.

అమ్మ ఆ ఒంటి కన్నుతోనే నా పెళ్లి చూసింది, నా పిల్లల్ని పెంచింది. మొన్నటి దాకా ఉంది. ఆమె పక్కన ఎన్ని వేల సాయంత్రాలు కూర్చున్నానో. లెక్క తప్పయితే కొట్టేసి మళ్లీ రాసుకునేదాన్ని కదమ్మా అని ఒక్కసారి కూడా ఆమెతో అనలేకపోయాను.