బ్రేవ్‌కి బోధనోపకరణం

మా రోజుల్లో పంతులమ్మ బోధనోపకరణం లేకుండా పాఠం చెప్పడమంటే బొట్టు పెట్టుకోకుండా పేరంటానికి వెళ్ళడమే. ట్రైనింగులో అలాగే నూరిపోశారు. కొత్త మాట ఏది చెప్పినా దానికో వస్తువో బొమ్మో చూపించి తీరాలి. గొడుగుకు గొడుగు, కప్పకు కప్ప. (నిజం కప్పను పట్టి తెచ్చిన పుణ్యాత్ములూ ఉన్నారు, నేను మాత్రం బొమ్మతో సరిపెట్టాను.) అరవైలు ముగుస్తున్న ఆ కాలంలో శ్రీకాకుళం అవతల సముద్రపొడ్డు ఊళ్ళో నాకు తొలి ఉద్యోగం. రాజాంలో అమ్మా, ఇద్దరు తమ్ముళ్ళూ నా జీతం మీదే బతుకుతున్నారు. ఏడాది తిరిగేసరికి ఇన్‌స్పెక్టరు గారు నా పాఠం చూసి బాగుందంటేనే ఉద్యోగం ఖాయం. లేకపోతే పెట్టె సర్దుకోవడమే.

ఆయన వచ్చే రోజు చెప్పాల్సిన ఇంగ్లీషు పాఠంలో కొత్త మాట ‘బ్రేవ్’. ధైర్యంగల అని అర్థం. హెడ్మాస్టారి లావుపాటి నిఘంటువు అడిగి తెచ్చుకుని రెండు రోజులు చదివాను. ఆ మాట ఇటలీ నుంచి ఫ్రాన్సు మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. మొదట్లో అదుపు లేని మొరటు మనిషిని అలా అనేవారట. ఒకప్పుడు మంచి బట్టలు కట్టి మెరిసిపోయేవాణ్ణి కూడా అనేవారట. ఇదంతా కంఠతా వచ్చింది గాని, ధైర్యానికి ఉపకరణం ఎక్కడ తేను? సింహం బొమ్మ గీస్తే పిల్లలు కుక్క అన్నారు. అప్పుడు తట్టాడు తుఫాను తాత. తుఫానులో తెప్ప విరిగిపోతే ఒక్క దుంగ పట్టుకుని రెండు రోజులు సముద్రంలో ఉండి ఒడ్డుకు చేరిన మనిషి. రోజూ బడి గోడ అవతల కూర్చుని వల బాగు చేసుకునేవాడు. తరగతిలోకి వచ్చి నిలబడమంటే ఎందుకని అడగలేదు, నిలబడితే చాలా, పాట కూడా పాడాలా అని మాత్రం అడిగాడు.

ఆ రోజు తాత ఉతికిన తలపాగాతో వచ్చి నల్లబల్ల పక్కన నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు గారు బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుని, ఈ ఉపకరణాన్ని పాఠమయ్యాక ఏ బీరువాలో పెడతారమ్మా అని అడిగారు. అంతే, కంఠతా పట్టిందంతా పోయింది. ఇటలీ పోయింది, ఫ్రాన్సు పోయింది. చేతిలో సుద్దముక్క కూడా పోయింది. ఆయన జేబులోంచి కలం తీశారు. నాకు అమ్మ ముఖం కనిపించింది.

అప్పుడు బోధనోపకరణం నోరు విప్పింది.

“బాబూ, ఏటీ అనుకోకండి. పంతులమ్మగోరికి బయమేసినట్టున్నాది. మా పిల్లలకి రోజూ బాగా సెప్తారు, గోడవతల కూకోని నానే ఇంతాను. తమరలాగ ఎదురుగా కూకుంటే ఎవులికి మాటొస్తాది?”

తాత చేతులు జోడించాడు. జోడించిన చేతులు దించకుండానే గుమ్మం వైపు రెండడుగులు వెనక్కి వేశాడు. (అధికారులంటే ఆయనకు సముద్రం కంటే హడలని తర్వాత తెలిసింది. జప్తుకు కోర్టు అమీను వస్తున్నాడంటే గాదె వెనక దాక్కునేవాడట.) ఇన్‌స్పెక్టరు గారు ఆయన్నీ నన్నూ చూశారు. తర్వాత కలం జేబులో పెట్టేసి, కుర్చీ తనే మోసుకువెళ్ళి ఆఖరి వరస వెనక వేసుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. తన పని అయిపోయిందనుకుని తాత మెల్లగా గోడ అవతలికి జారుకున్నాడు. నేను మంచినీళ్ళు తాగి పాఠం మొదలుపెట్టాను. ఏం చెప్పానో నాకు గుర్తు లేదు గాని పిల్లలు బాగానే జవాబులిచ్చారు.

ఉద్యోగం ఖాయమైన ఉత్తర్వు వచ్చిన సాయంత్రం జీళ్ళ పొట్లం పట్టుకుని తాత దగ్గరికి వెళ్ళాను. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను కూడా. ఆయన మొహమాటపడిపోయి, మాట మార్చడానికి కాబోలు, ఇంతకీ ఆ రోజు సెప్పిన బ్రేవంటే ఏటమ్మా అని అడిగాడు. నేను గొంతు సవరించుకుని ఇటలీ దగ్గర మొదలుపెట్టి ఫ్రాన్సు మీదుగా పూర్తిగా చెప్పాను. తాత శ్రద్ధగా విని, “అంత దూరం నుంచొచ్చిందా, పాపం” అన్నాడు.

ఇరవయ్యేళ్ళ పంతులమ్మను, నిఘంటువులో ఉన్నదంతా ఒప్పజెప్పాను. ‘నువ్వే తాతా’ అనాలని మాత్రం తోచలేదు.