నిండుకున్న డబ్బా

కార్న్‌ఫ్లేక్స్ డబ్బా చూస్తే ఈ వయసులోనూ నాకు నోరూరుతుంది. ఆ వెనకే కడుపులో తిప్పుతుంది. మొదటిదానికి కారణం మా నాన్న, రెండోదానికి నేను.

ఎనభైల చివర గల్ఫ్‌లో, సీబ్ అనే ఊళ్లో మాది రెండు గదుల అద్దె ఇల్లు. నాన్న ఘాలాలో ఒక కంపెనీలో సూపర్‌వైజరు. పొద్దు పొడవకముందే కంపెనీ బస్సు వచ్చి ఎక్కించుకుపోయేది. అమ్మది కాకినాడ. కార్న్‌ఫ్లేక్స్‌ని అటుకులనేది. ఎప్పుడైనా కొంటే, వాటి మీద మరిగే పాలు పోసి, గరిటెతో మెదిపి జావ చేసి పెట్టేది. చల్లటి పాలు పోసుకుంటే గొంతు పట్టేస్తుందని ఆవిడ నమ్మకం. మిగతా రోజులు ఉప్మా. ఉప్మా అంటే నాకు పరమ అసహ్యం.

నాకు ఏడేళ్లప్పుడు అమ్మకు మళ్లీ నెల తప్పింది. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారి నిలవాలంటే మంచం దిగొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆ బిడ్డ కోసం అమ్మ పళ్లబిగువున పడుకుంది. వంటిల్లు నాన్న చేతికొచ్చింది. ఆయనకు రాత్రికి అన్నం, పప్పు వండడం వచ్చు. పొద్దుటికి డబ్బా కొనడం వచ్చు. ఫ్రిజ్‌లోని పాలు నేనే పోసుకుని కరకరా నమిలేదాన్ని. అమ్మ ఇలాగే పడుకుని ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

ఒక సాయంత్రం నాన్న అల్ మవాలేలో కొట్టుకు బయల్దేరుతుంటే అమ్మ మంచం మీంచి నన్ను కేకేసింది. "అటుకుల డబ్బా నిండుకుందేమో చూసి చెప్పవే, నాన్నగారు తెస్తారు."

బడిలో హిందీ, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో మాత్రమే. నిండుకోవడమంటే నిండడమే అనుకునేపాటి తెలుగు నాది. డబ్బాలోకి చూశాను. అడుగున కాస్త పొడి ఉంది.

"నిండుకోలేదమ్మా!" అని వంటింట్లోంచే అరిచాను. నాన్న ఇంకేవో తెచ్చారు, కార్న్‌ఫ్లేక్స్ తేలేదు.

మర్నాడు నాన్న డ్యూటీకి వెళ్లిపోయాక డబ్బా పట్టుకుని అమ్మ దగ్గరికెళ్లాను. "ఇందులో లేవమ్మా" అన్నాను. అమ్మ డబ్బాలోకి చూసింది, నా వంక చూసింది. గోడ పట్టుకుని వంటింట్లోకి నడిచి, పై అరలోంచి రవ్వ అందుకుని ఉప్మా చేసింది. అమ్మ మళ్లీ వెళ్లి పడుకున్నాక నేను రెండు ముద్దలు కెలికి, మిగతాది చెత్తబుట్టలో వేసి బడి బస్సెక్కాను.

మధ్యాహ్నం బస్సు దిగేసరికి పక్కింటి హైదరాబాదు ఆంటీ మా గుమ్మంలో నిలబడి ఉంది. "అమ్మను దవాఖానకు తీస్కపోయిన్రు బిడ్డా. మా ఇంట్ల తిందువు రా" అంది.

మూడో రోజు అమ్మ ఒట్టి కడుపుతో తిరిగొచ్చింది. ఆ తరవాత మా ఇంట్లో ఇంకెవరూ పుట్టలేదు.

పన్నెండేళ్లప్పుడు సెలవులకు కాకినాడ వెళ్తే, అమ్మమ్మ "బియ్యం నిండుకున్నాయి, బస్తా తెప్పించాలి" అంది. చూస్తే డ్రమ్ములో అడుగు కనబడుతోంది. అదేమిటని అడిగాను. "తినేవాటిని అయిపోయాయనకూడదే, ఇంటికి మంచిది కాదు" అంది. నేను అక్కడే కూలబడ్డాను. వడదెబ్బ అనుకుని మజ్జిగ తాగించారు.

అమ్మతో ఆ సంగతి ఎత్తడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. అప్పటికీ సీబ్‌లోనే ఉన్నాం. "అమ్మా, ఆ రోజు డబ్బా..." అని మొదలుపెట్టానో లేదో, చేత్తో ఆపేసింది.

"తెలుసులేవే. ఖాళీ డబ్బా చూడగానే అర్థమైంది. నా చేతి ఉప్మా తిని ఎన్నాళ్లయిందో, అడగలేక అబద్ధమాడావు. పసిదానివి. నిలిచేదైతే నిలిచేది, దానికి నువ్వేం చేస్తావు? నీకు చేసిపెట్టాను, అదే నాకు తృప్తి. పళ్లెం ఊడ్చినట్టు తిన్నావు ఆవేళ. బాగుంది కదూ?"

"అవునమ్మా, చాలా బాగుంది" అన్నాను.