అత్యవసరం కాని పనులు

తోనబెత్సు రేవులో హియామా తొమియె గొంతు ఎరగని మనిషి లేడు. చేపల షెడ్ల దగ్గర, బడి దగ్గర, శ్మశానం దగ్గర, ఊరంతా స్తంభాల మీద పురపాలక కార్యాలయం వాళ్ళ లౌడ్‌స్పీకర్లున్నాయి. ముప్పై ఎనిమిదేళ్ళుగా వాటిలో మాట్లాడేది ఆవిడే. ఎలుగుబంటి ఊళ్ళోకి దిగిందన్నా, ఫలానా వారు కాలం చేశారన్నా, రేపు పడవలు బయలుదేరవన్నా ఒకటే గొంతు, ఒకటే తీరు. ఇరవై మూడేళ్ళ వయసులో ఆవిణ్ణి ఉద్యోగంలోకి తీసుకున్నదీ అందుకే. పరీక్షలో ఒక చావు కబురు, ఒక ఆటల పోటీ కబురు చేతికిచ్చి చదవమన్నారు. వినేవాళ్ళకి రెండింటికీ తేడా తెలియలేదు. "ఈవిడ జనాన్ని కంగారు పెట్టదు" అని రాసుకుని ఉద్యోగం ఇచ్చారు.

చలికాలంలో ఆవిడ మాటిమాటికీ చదివే వాక్యం ఒకటుంది: "అత్యవసరమైతే తప్ప ఎవరూ బయటికి రావద్దు." అది మొదట రాసినవాళ్ళెవరో ఎవరికీ తెలియదు. వినేవాళ్ళు మాత్రం తమ పని అత్యవసరమేనని తేల్చుకుని చెప్పులు మానేసి బూట్లు తొడుక్కునేవాళ్ళు.

పంతొమ్మిదేళ్ళ కిందట ఒక ఫిబ్రవరి మధ్యాహ్నం ఆవిడ ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివింది. రెండోసారికీ మూడోసారికీ మధ్య ఆవిడ భర్త షిగెయో కారు తీసుకుని బయలుదేరాడు. తిరిగొస్తుండగా ఇంటికి మూడు వందల గజాల దూరంలో కారు మంచులో కూరుకుపోయింది. వెచ్చదనం కోసం ఇంజను ఆపకుండా కూర్చున్నాడు. మంచు పొగగొట్టాన్ని పూడ్చేసింది. పొగ కారులోకి తిరిగింది. మర్నాడు తవ్వి తీశారు. ఆ మర్నాడు చావు కబురు కాగితం ఎప్పటిలాగే తొమియె బల్ల మీదికి వచ్చింది. ఆవిడ ఎప్పటిలాగే చదివింది. మనిషి కాదు రాయి అన్నారు కొందరు. ఆ మాట ఆవిడ చెవిన పడింది.

ఈ ఏడు జనవరి ఆఖరులో వాతావరణ శాఖ నుంచి హెచ్చరిక వచ్చింది. ఉత్తరం నుంచి చలిగాలి దిగుతోంది, రేపు మధ్యాహ్నానికి తీరాన్ని తాకుతుంది, సున్నాకి ఇరవై ఆరు డిగ్రీల కిందికి పోతుంది, మనిషి నిలబడలేని గాలి రెండు రోజుల పాటు ఉంటుంది. "నలభై ఏళ్ళలో ఎన్నడూ లేనంత" అన్న మాట కూడా ఉంది. ఆ మాట ఏటా ఉంటుంది కనుక ఊరు దాన్ని లెక్కచేయదు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి తొమియె కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివి, కిటికీ దగ్గర నిలబడింది. ఊరి నుంచి బయటికి పోయే దారి ఆ కిటికీ ముందున్నదొక్కటే. గంటలో ఏడు కార్లు పోయాయి. ఏడింటిలో ఎవరున్నారో, ఎందుకు పోతున్నారో ఆవిడకి తెలుసు.

పదింటికి మళ్ళీ చదివింది. ఈసారి చివర ఆగలేదు.

"అత్యవసరం కానివి ఇవి. జుట్టు కత్తిరించుకోవడం. పక్క ఊరు వెళ్ళి జూదం ఆడటం, నిన్న ఓడిపోయినా సరే. పడవ ఎలా ఉందో చూసి రావడం. మీరు చూసినంత మాత్రాన దానికి చలి తగ్గదు. మియోషి గారూ, మీ కుక్కని ఇవాళ వీధిలోకి తిప్పకండి, ఇంట్లోనే కానివ్వండి, తర్వాత కడుక్కోవచ్చు. ఇవాతా పిన్నీ, చారులోకి మిసో ముద్ద లేకపోతే ఉప్పు వెయ్యండి. గొంజిరో బాబాయ్, మీ చెల్లెలికి ఎండుచేపలు వచ్చే వారం ఇచ్చినా అవే చేపలు. ఇంట్లో ఏదైనా అయిపోతే అయిపోనివ్వండి, పళ్ళైనా సరే. ఇంతే."

పక్క గదిలోంచి అసానుమా వచ్చాడు. ముప్పై మూడేళ్ళవాడు, రెండేళ్ళ కిందట పట్నం నుంచి బదిలీ మీద వచ్చిన అధికారి.

"తొమియె గారూ, కాగితంలో లేనివి చదివారు."

"చదివానండీ."

"పేర్లతో సహా."

"పేర్లు పెట్టకపోతే పక్కవాళ్ళ గురించి అనుకుంటారండీ."

అసానుమా ఆ కాగితం తీసుకుని మళ్ళీ చదివాడు. ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. మొత్తం పదకొండు. ఇద్దరు తమ పేరు చదివినందుకు కోప్పడ్డారు. ఒకావిడ తన పేరు ఎందుకు చదవలేదని అడిగింది. మిగిలినవాళ్ళు, ఇంతకీ తాము అనుకుంటున్న పని అత్యవసరమో కాదో చెప్పమన్నారు. తొమియె అందరికీ కాదనే చెప్పింది. ఇంట్లోవాళ్ళు ఫోన్ చేసి చెప్పారేమో, పోయిన కార్లు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. జూదానికి పోయినవాడు కార్యాలయం కిటికీ వైపు చూడకుండా దాటిపోయాడు.

పన్నెండింటి కాగితం అసానుమా స్వయంగా తెచ్చి ఇచ్చాడు. అడుగున పెన్సిలుతో ఒక ముక్క రాసి ఉంది: "కిరోసిన్ అయిపోయినవాళ్ళు బయటికి రాకుండా మాకు ఫోన్ చెయ్యండి."

"ఇది కూడా కాగితంలో లేనిదేనండీ," అంది తొమియె.

"ఇప్పుడుందిగా," అన్నాడు అసానుమా.

ఒంటిగంటకి ముందే గాలి వచ్చింది. ముందు సముద్రం కనబడటం మానేసింది, తర్వాత రోడ్డు, తర్వాత కిటికీ అవతల ఉన్న జెండా కర్ర. అప్పుడు తలుపు తోసుకుని గొంజిరో లోపలికి వచ్చాడు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, కనుబొమలు మంచుతో అంటుకుపోయి ఉన్నాయి, చంకలో ఎండుచేపల కట్ట.

"నా చేపల సంగతి ఊరంతా ఎందుకు చాటావే?" అన్నాడు తొమియెతో.

"బయటికి రావద్దని, బాబాయ్."

"రావద్దన్నావని అడగడానికే వచ్చా."

గాలి మొదలయ్యాక ఆ రోజు తోనబెత్సులో అత్యవసరం కాని పని మీద బయట తిరిగింది ఆయనొక్కడే. తిరిగి పంపడానికి లేదు. ముగ్గురూ రెండు రోజులు ఆ గదిలోనే స్టవ్ చుట్టూ ఉన్నారు. మొదటి రోజు కప్పు నూడుల్స్ తిన్నారు. రెండో రోజుకి అవి అయిపోయాయి. గొంజిరో ఎవరినీ అడక్కుండా కట్ట విప్పి, చేపలు స్టవ్ మీద పరిచాడు. అసానుమా పక్క గదిలో ఫోన్ దగ్గర ఉన్నాడు.

"షిగెయో ఆ రోజు ఎందుకు బయలుదేరాడే?" అన్నాడు ముసలాయన. "డాక్టరు దగ్గరికని కొందరన్నారు, పడవ కోసమని కొందరన్నారు."

"కమలాపళ్ళకి."

"కమలాపళ్ళకా?"

"ఇంట్లో అయిపోయాయి. నాకు ఇష్టమని, నేను ఇంటికొచ్చేసరికి ఉండాలని చీటీ రాసిపెట్టి వెళ్ళాడు. అతని దృష్టిలో అది అత్యవసరమే, బాబాయ్. చదివింది నేనే కదా. కమలాపళ్ళు అత్యవసరం కాదని చెప్పలేదు."

గొంజిరో చేపలు ఒక్కొక్కటే తిరగేశాడు.

"చెప్పినా వెళ్ళేవాడు. నేను రాలేదూ?"

"వచ్చారు."

"పేరు పెట్టి చెప్పాక కూడా వచ్చా."

ఇది ఓదార్పో, గొప్పలు చెప్పుకోవడమో తొమియెకి బోధపడలేదు. ఒక చేప తీసి, మాడిన వైపు తనకుంచుకుని మిగతా ముక్క ఆయనకిచ్చింది.

మూడో రోజు ఉదయానికి గాలి పడిపోయింది. అసానుమా ఇంటింటికీ ఫోన్ చేసి కనుక్కున్నాడు. రెండు ఇళ్ళ పైకప్పులు లేచిపోయాయి, ముప్పై ఇళ్ళలో నీటి గొట్టాలు పగిలాయి. మనుషులకి ఏమీ కాలేదు. పై అధికారులకి పంపే నివేదికలో, పేర్లు చదవడం నిబంధనలకి విరుద్ధమని రాశాడు. దాని కింది వరసలో, ప్రాణనష్టం లేదని రాశాడు. రెండింటికీ సంబంధం ఏమిటో రాయలేదు.

తొమియె మైకు ముందు కూర్చుంది.

"గాలి తగ్గింది. దారులు తవ్వుతున్నారు. ఊళ్ళో అందరూ..."

అక్కడ ఆగిపోయింది. ఎంతసేపో ఆవిడకి తెలియదు. రేవులో పారలు పట్టుకున్నవాళ్ళు తలలెత్తి స్తంభాల వైపు చూశారు. తర్వాత "క్షేమం" అన్న మాట వినిపించింది, ఎప్పటి గొంతుతోనే.

మైకు చెడిపోయిందని ఆ మధ్యాహ్నం ముగ్గురు ఫిర్యాదు చేశారు. కరెంటు పనివాడు వచ్చి, నిచ్చెన వేసుకుని వైర్లన్నీ చూశాడు. ఎక్కడా లోపం లేదని రాసిచ్చాడు. తొమియె ఆ కాగితం కింద సంతకం చేసింది.