వాకిట్లోనే ఆగిన సాంబ్రాణి

నా మనవరాలు పిండాల చదువు చదివింది. పిల్లలు కలగని ఆలుమగల బీజాలను గాజుపళ్ళెంలో కలిపి, తల్లి కడుపులో పెట్టేదాకా వెచ్చటి పెట్టెలో కాచుకునే పని. తరగతులు అయిపోయాక, పని నేర్చుకోమని ప్రొద్దుటూరులో ఒక సంతాన కేంద్రానికి పంపారు. హాస్టలు కూటికి దుడ్లు పోయడం దండగని నేను సింహాద్రిపురం నుంచి వచ్చి, ఒక గది బాడుగకు తీసుకుని వండిపెట్టాను. నాది మూడో తరగతితో ఆగిన చదువు. పురోహితుడి ఇల్లాలిని.

కొత్తలో దాని వాలకం నాకు నచ్చలేదు. పూలు పెట్టుకోదు, పౌడరు వద్దంటుంది, నేను కాచిన మందార నూనె ముట్టదు. తల బోసిగా ఎందుకు తిరుగుతావని తిట్టాను. అది నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"అవ్వా, ఆ పెట్టెలుండే గదిలో గాలి ఏదో, పెట్టెలో ఉండేవాటికీ అదే గాలి. మల్లెపూల వాసన గూడా వాటికి కీడే. పొగ అయితే ఇంగ చెప్పేపనే లేదు."

లోపలికి పోయే ముందు బట్టలు మార్చాలట, తల కప్పుకోవాలట, బయటివాళ్ళను తాకకూడదట. ఇందులో నాకు కొత్తేముంది? ఇది మడి. మా అత్తగారు మడి కట్టుకుని వండుతుంటే మేమెవరం వంటింటి గడప తొక్కేవాళ్ళం కాదు. ఆనాటి నుంచి దాని బట్టలు వాసన లేని సబ్బుతోనే ఉతికాను.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు ఆ కేంద్రం డాక్టరు స్కానింగు మిషనుకు, ఆపరేషను బల్లకు, ఆఖరికి జనరేటరుకు కూడా బొట్లు పెట్టించాడు. ఫోన్లలో చూపించుకోవడానికి జమ్మలమడుగు నుంచి వీడియో తీసేవాణ్ణి పిలిపించాడు. పెద్దదాన్నని నన్నూ రమ్మన్నాడు. నా పక్కన బెంచీ మీద ముద్దనూరు దిక్కు నుంచి వచ్చిన ఒక జంట కూర్చుంది. వాళ్ళ పిండాలు లోపల పెట్టెలో ఉన్నాయని, ఇంకో తూరి చేయించుకునే తాహతు తమకు లేదని ఆ అమ్మాయి మెల్లగా చెప్పింది.

అంతలో డాక్టరు, పూజారి చేత సాంబ్రాణి పళ్ళెం పట్టించి ఆ పెట్టెల గది వైపు నడిచాడు. కెమెరాలో పొగ బాగా కనపడాలని ఇంకో పిడికెడు వేయించాడు. నా మనవరాలు తలుపుకు వీపు ఆనించి నిలబడింది. లోపల పిండాలున్నాయి, పూజ బయట చేసుకుందామని నెమ్మదిగానే చెప్పింది.

"నాలుగు పుస్తకాలు చదివి దేవునికే అడ్డం వస్తాండావా?" అన్నాడాయన నవ్వుతూ. "నీ ట్రైనింగు కాగితం మీద సంతకం పెట్టేది నేనే. అది గ్యాపకం పెట్టుకో."

అది కదల్లేదు. ఆయన నా వైపు తిరిగాడు. పురోహితుల ఇంటి పిల్లకు నేర్పింది ఇదేనా, మీరన్నా బుద్ధి చెప్పండి పెద్దమ్మా అన్నాడు. అందరూ నన్నే చూశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్ద చదువు చదివినవాడు తన గొప్పను దేవుడి మీద వేసి, నన్ను సాక్ష్యానికి పిలుస్తున్నాడు.

"మడి వంటింట్లోకి మా ఆయననే రానిచ్చేవాళ్ళం కాదప్పా. నువ్వు కెమెరావాణ్ణి తోలుకపోతాండావు. దేవుడు వాకిట్లో హారతి పట్టుకోడా ఏంది?"

పూజారి పళ్ళెం తీసుకుపోయి వాకిట్లో పెట్టాడు. పూజ అక్కడే జరిగింది. ఆ జంట హారతి కళ్ళకద్దుకుంది. ఆ పొగతో తమ పిండాల మీదకు ఏం రాబోయిందో వాళ్ళకు ఒక్కరూ విడమరిచి చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మరునాటి నుంచి డాక్టరు మనవరాలిని ఆ పెట్టెల గదిలోకి పోనివ్వలేదు. ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టి, వచ్చినవాళ్ళ పేర్లు రాయించాడు. గడువు ముగిసినా సంతకం పెట్టలేదు. అది లేకపోతే దాని చదువంతా నీళ్ళపాలే. తప్పయిందని చెప్పించమని ఇంటి నుంచి ఫోన్లు. ఏం తప్పని చెప్పాలి? నేను రోజూ పొద్దున్నే పోయి ఆయన గదికి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. బాడుగ గదిలో కరెంటు దండగ, అక్కడ ఫ్యాను ఊరికే తిరుగుతుంది. ఎవరమ్మా నువ్వు, ఎందుకు కూర్చున్నావని అడిగినవాళ్ళకల్లా జరిగింది జరిగినట్టు చెప్పాను.

దీపావళి పోయాక సంతకం పెట్టాడు. ఆ రోజు బయట బెంచీల నిండా జనం. కాగితం నా చేతికిచ్చి, ఆశీర్వదించండి పెద్దమ్మా అంటూ నా కాళ్ళ మీదకు వంగాడు. నేను కాళ్ళు బెంచీ కిందికి లాక్కున్నాను.

"నాకెందుకప్పా ఇదంతా? ఆ పొద్దు ఆ పిల్ల చెప్పిందే సరి అని పోయి దానితోనే చెప్పు."

వంగినవాడు లేచి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. ముందు బల్ల దగ్గరున్న మనవరాలితో ఒక్క మాట అనలేదు. నేను కాగితం కొంగులో మడిచిపెట్టుకుని, మనవరాలిని తీసుకుని ఊరికి పోను పులివెందుల బస్సెక్కాను. ఆ ఆశీర్వాదం మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది. ఇవ్వను.