అరికాలు, కోడి ఈక, నా గాజులు

మొన్న షుగరు పరీక్షకు వెళ్తే, మా మనవరాలి ఈడు డాక్టరమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి, కళ్లు మూసుకోమని, సన్నని నైలాను దారం అరికాలికి తాకిస్తానని, తగిలినప్పుడల్లా చెప్పమంది. ఆ పిల్ల చేతి గాజులు గల్లుమన్నాయి. వెంటనే నా నోరు తగిలిందనేసింది. కాలికి ఏమీ తెలియలేదని ఆ తర్వాత గాని నాకు తట్టలేదు.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో నేను వారానికోసారి ఒడిశా రాయగడలో రైలెక్కి మునిగుడ వెళ్లి, అక్కడి కుష్ఠు క్లినిక్కులో నర్సుగా ఇదే పరీక్ష చేసేదాన్ని. అప్పుడు ఈ దారాలెక్కడివి, సంతలో ఏరుకొచ్చిన కోడి ఈకే మా పనిముట్టు. చీలమండ లోపలివైపు ఎముక వెనకనుంచి అరికాలికి వెళ్లే నరం ఉబ్బిందేమో వేలితో తడిమి, తర్వాత ఈకను అరికాలంతా తాకించి చూడాలి. నాకు కొత్తగా పెళ్లయింది. చేతికో డజను చొప్పున వేయించిన మట్టిగాజులు తీస్తే మా అత్తగారు ఊరుకునేవారు కారు, అబద్ధమెందుకు, నాకూ వాటి మీద మోజే.

ఒకరోజు ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకబెట్టే పిన్ని ఒకావిడ వచ్చింది, శ్రీకాకుళం వైపునుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. నరం లావుగానే అనిపించింది. కానీ కళ్లు మూసుకుని, ఈక తాకించిన ప్రతిసారీ తడుముకోకుండా తగిలిందనేసరికి, నా వేలిని కాదని ఆవిడ మాటే నమ్మి, మందు రాయించకుండా పంపేశాను.

మూడు వారాలకు కాలికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. గాడిపొయ్యి దగ్గర నిప్పు తొక్కి, కమురు వాసన వచ్చేదాకా తెలుసుకోలేదట. గుడ్డ విప్పి చూశాను. ఆవిడే తల దించుకుని, "నీ గాజులు గల్లుమన్నప్పుడల్లా తగిలిందనేసేనమ్మీ. పెద్దరోగమని తెలిస్తే ఇంట్లో ఉంచుతారేటి?" అంది.

ఆ కాలికి రెండు వేళ్లు పోయాయి. అయితే ఆవిడ భయపడ్డట్టు ఎవరూ ఇంట్లోంచి పంపలేదు. ఆ తర్వాత ప్రతి వారమూ భర్తే సైకిలు మీద కూర్చోబెట్టుకుని మందుకు తెచ్చేవాడు. అది చూసినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది, అబద్ధమాడవలసిన అవసరమే లేకపోయింది కదా అని. గాజులు తీసి సంచిలో పెట్టుకుని పనిచేయడం, తగిలిందా అని అడగడం మాని ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించమనడం అప్పుడే నేర్చుకున్నాను.

ఈక పోయి దారం వచ్చింది, ఆ రోగానికి మంచి మందులొచ్చాయి, మునిగుడ రైల్లో నాతో వచ్చినవాళ్లలో ఇప్పుడు ఎవరూ లేరు. ఇన్ని మారినా, కాలు మొద్దుబారిందని తెలిస్తే ఇంట్లోవాళ్లు ఒంటరిగా బజారుకు వెళ్లనివ్వరేమోనన్న లోపలి భయంతో, ఇన్నేళ్లు నర్సు పని చేసిన నేనే ఆ పిన్నిలా అబద్ధమాడాను. సిగ్గేసింది. కళ్లు తెరిచి, గాజులు తీసి మళ్లీ చూడమ్మా అన్నాను డాక్టరమ్మతో. ఆ పిల్ల నవ్వి తీసి పక్కన పెట్టింది.

మళ్లీ కళ్లు మూసుకున్నాను. ఈసారి ఎన్నిచోట్ల తాకించిందో నాకు తెలియదు.